బౌషర్‌లో మా పాపకు మంచం

పాప వీసా వచ్చింది, బుధవారం విమానం. ఒమాన్‌లోని సహం ఊళ్లో మా ఆయనా నేనూ ఇన్నాళ్లూ ఒక గదిలో నేల మీద పరుపు వేసుకుని సర్దుకున్నాం. కానీ ఇండియాలో మా చెల్లెలి దగ్గర పెరుగుతూ నాలుగేళ్ల తర్వాత నా దగ్గరికి వస్తున్న పిల్లను నేల మీద పడుకోబెట్టడానికి మనసొప్పలేదు. కొత్త మంచం ధర అడిగి, వచ్చిన దారినే దుకాణంలోంచి బయటికొచ్చేశాను. అప్పుడే మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పడ్డాయి. మస్కట్ పక్కన బౌషర్‌లో ఒకే వీధిలో కొన్ని కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేస్తూ, శుక్రవారం పొద్దున సామాను గుమ్మం ముందు పెట్టి అమ్ముతున్నాయట. ఇక్కడ వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి, చర్చిలో మాకు ఆరాధన కూడా ఆ రోజే. బేరాల కోసం మానేస్తున్నానని పాస్టరమ్మగారికి చెప్పే ధైర్యం లేక, మస్కట్‌లో పనుందని మాత్రం చెప్పాను.

మా ఆయనకు ఆ రోజు డ్యూటీ. ఆయన స్నేహితుడు రాజన్నది జగిత్యాల వైపు. సహం తోటల్లోని కూరగాయలను పికప్‌లో మస్కట్ చేరవేస్తాడు. లోడు దింపేసి బౌషర్ వచ్చి, నన్నూ మంచాన్నీ ఎక్కించుకుంటానన్నాడు. అతను అర్ధరాత్రే బయల్దేరతాడు కాబట్టి వెళ్లేటప్పుడు నేను బస్సే ఎక్కాను.

ఆరున్నరకు బస్సు. ఈ దారిన వెళ్లేవాళ్లు శాలువా మర్చిపోకండి, ఏసీ ఎముకలు కొరికేస్తుంది. పక్క సీటులో ఒక ఒమానీ ముసలావిడ, ఒళ్లో ఖర్జూరాల బుట్ట. ఎక్కడికని అడిగింది. నాకొచ్చిన రెండు ముక్కల అరబ్బీలో కూతురు వస్తోందని చెప్పాను. ఎంత పిల్ల అన్నట్టు చేత్తో అడిగితే, నేను ముందు సీటు వీపు ఎత్తున అరచెయ్యి పెట్టి చూపించాను. ఆవిడ నవ్వి నా దోసిట్లో ఖర్జూరాలు పోసింది. అదే నా టిఫిను.

తొమ్మిది దాటాక మస్కట్‌లో ఒక పెద్ద సర్కిల్ దగ్గర దిగి, టాక్సీలో బౌషర్ చేరాను. ఆ వీధి మా ఊరి సంతలాగే ఉంది. ఒక ఫిలిప్పీనో అమ్మాయి రైస్ కుక్కర్లు వరుసగా పెట్టింది. ఒక పాకిస్తానీ ఆయన కర్టెన్లు గోడ మీద ఆరేశాడు. ఎవరిదో ట్రెడ్‌మిల్, దాని మీద కూడా అమ్మకానికి బట్టలే. పది లోపు వెళ్తే మంచివి దొరుకుతాయి. జుమ్మా నమాజు వేళకు అందరూ సర్దేస్తారు.

వీధి చివర విజయగారి ఇల్లు. తెనాలి వాళ్లు. భర్త కాంట్రాక్టు అయిపోయి మంగళవారం ఇండియా వెళ్లిపోతున్నారు. గుమ్మం ముందే ఉంది నేను ఫోటోలో చూసిన మంచం. తెల్లటిది, తలవైపు సీతాకోకచిలుకల బొమ్మలు. ఆవిడ పదిహేను రియాళ్లన్నారు. నేనేం తక్కువ తినలేదు, పదికి కుదిర్చాను.

"బేరం గట్టిగానే ఆడారండీ. లోపలికి రండి, టీ తాగి వెళ్దురు గానీ," అన్నారావిడ.

పదకొండు దాటాక రాజన్న వచ్చాడు. మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అక్కా, పాపకెన్నేండ్లు?"

"తొమ్మిది."

"మరి గీ మంచంల కాళ్లు ఏడ వెడ్తది?"

నాకు ఒళ్లు మండింది. "మా పాప చిన్నగానే ఉంటుందయ్యా. రోజూ వీడియోలో చూస్తున్నాగా!"

విజయగారు లోపలికి కేకేశారు. ఆవిడ కూతురు సాత్విక వచ్చింది. "ఇదీ తొమ్మిదేళ్లదేనండీ," అన్నారు. ఆ పిల్ల వచ్చి మంచం మీద పడుకుంది. మోకాళ్లు ముడిస్తే గానీ పట్టలేదు. "నాకు ఫస్ట్ క్లాసులోనే చాల్లేదు ఆంటీ," అంది.

ఆ మోకాళ్లనే చూస్తూ నిలబడిపోయాను. ఫోన్‌లో ఎప్పుడూ ముఖమే. నాలుగేళ్లుగా నా కూతుర్ని మెడ దాకానే చూస్తున్నాను. ఆ కింద నేను వదిలివచ్చిన ఐదేళ్ల పిల్లనే ఊహించుకుంటున్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"ఏడ్వకక్కా, మనందరికి అయ్యేదే ఇది," అన్నాడు రాజన్న. "నేను నా కొడుక్కు బూట్లు కొనుక్కపోతే ఆనికి సగం పాదమే పట్టింది. ఇంట్ల అందరు నవ్విన్రు, నాకే నవ్వు రాలే."

పెద్ద మంచం లోపలుంది, సాత్వికది. వెళ్లే రోజు దాకా పిల్ల దాని మీద పడుకోవాలని అమ్మకానికి పెట్టలేదట. అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ పిల్లే లోపలికి వెళ్లి దుప్పటి లాగేసి మడత పెట్టడం మొదలెట్టింది.

"నాలుగు రోజులేగా, అమ్మ పక్కన పడుకుంటా. మీ పాపకి తీసుకెళ్లండి ఆంటీ."

విజయగారు కళ్లు తుడుచుకుని, అదే ధర చాలన్నారు. రాజన్న మంచం విప్పాడు. ఇలా కొనేవాళ్లు బోల్టులు మాత్రం మీరే కవర్లో వేసుకోండి, లేకపోతే ఇంటికెళ్లాక తల పట్టుకుంటారు. నేను కొంగున కట్టుకున్నంత పనిచేశాను.

దారిలో బర్కా ఊళ్లో ఆగి, బిర్యానీ తిని మళ్లీ బయల్దేరాం. వాళ్ల ఇల్లు ఖాళీ అయినందుకు బాధగానే ఉంది, మా గది నిండుతున్నందుకు సంతోషంగానూ ఉంది. చవగ్గా సామాను కావాలంటే ఆ వీధులకు తప్పక వెళ్లండి. కానీ ఆ సామాను వాడుకున్న వాళ్లతో కాసేపు కూర్చుని రండి.

సువైక్ ఊరు దాటాక చెల్లెలింటికి వీడియో కాల్ చేశాను. పాప అప్పుడే బడి నుంచి వచ్చింది. ఫోన్ నిండా ముఖమే.

"ఫోన్ పిన్నికిచ్చి, దూరంగా వెళ్లి నిలబడమ్మా."

"ఎందుకమ్మా?"

"నిలబడు తల్లీ."

అది వెనక్కి వెనక్కి నడిచి గోడకు ఆనుకుంది. మోకాళ్లు దిగని యూనిఫాం, పొడుగు చేతులు, సాక్సు జారిన సన్నటి కాళ్లు. గోడ మీది స్విచ్చుల దాకా వచ్చేసింది తల.

"అమ్మా, మొత్తం కనిపిస్తున్నానా?"

రాజన్న బండి పక్కకు తీసి ఆపాడు.

"కనిపిస్తున్నావు," అన్నాను. "కాసేపు అలాగే నిలబడు."