అప్పలకొండ వెన్నుపూస

బచేలి సంతలో ఇడ్లీలమ్మే అప్పలకొండ నోటికి జడవనివాడు లేడు. భర్త పోయాక సొంతూరు విజయనగరం వైపు తిరిగి చూడకుండా, ఈ పరాయి రాష్ట్రంలోనే కొట్టు పెట్టుకుని ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసిన మనిషి. పిండి రుబ్బీ బిందెలు మోసీ మోకాళ్లు పట్టేస్తే, సంతలో టేబులు వేసుకుని మందులిచ్చే దుర్గేశ్ దగ్గర తెల్ల గోలీలు కొనుక్కుంది. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. అతనికి దండం కూడా పెట్టింది.

రెండేళ్లు మింగింది. ముఖం గుండ్రంగా ఉబ్బితే, ఒళ్లు చేశావని అందరూ మెచ్చుకున్నారు. ఒకనాడు ఇడ్లీ గిన్నె దించుతుంటే నడుము కటుక్కుమంది. ఉన్నచోటే కూలబడింది.

జగదల్‌పూర్ ఆసుపత్రిలో డాక్టరు అనుపమ ఎక్స్‌రే చూసి, ఆమె మింగే గోలీ అడిగి తీసుకుని చూసింది.

"వెన్నుపూస నలిగిపోయిందమ్మా. ఇది స్టెరాయిడ్, నీ ముఖం ఉబ్బిందీ దీనివల్లే. ఎముకంటే రాయి కాదు. పాత ఎముకను తీసేసే కణాలు, కొత్తది కట్టే కణాలు అందులో ఎప్పుడూ పనిచేస్తుంటాయి. కట్టేవాటికి అందాల్సిన కబురును ఈ మందు అణిచేస్తుంది. కొన్ని చచ్చిపోతాయి కూడా. తీసేసేవి మాత్రం తీస్తూనే ఉంటాయి."

"అంటే నా ఎముకల్ని నాసేతే తినిపించేసినాడా ఆడు?" అప్పలకొండ మిగతా గోలీల పొట్లం బయటికి లాగింది. "ఇప్పుడే పారేత్తాను."

"నీ ఒళ్లు దీనికి అలవాటు పడిపోయింది, ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికొస్తుంది. నేను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి."

వాడు అంటగట్టిన గోలీనే ఇంకా మింగాలి! ఆ మాటకు ఆమె ఒళ్లు భగ్గున మండింది.

నడుముకు పట్టీ కట్టుకుని సంతకు వెళ్లింది. దుర్గేశ్ చుట్టూ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

"ఏటిరా, ఆ గోలీ ఏటో ఎందుకు సెప్పలేదు నాకు?"

"నొప్పి పోయిందా లేదా, అమ్మా? మళ్లీ మళ్లీ వచ్చింది నువ్వే కదా," అన్నాడతను నవ్వుతూ.

అది నిజం. నిజం కాబట్టే కోపం రెట్టింపయింది. నడుము వంగదు గనుక నిలుచునే, టేబులును ఒక్క తన్ను తన్నింది. గోలీలు ఎర్రమట్టిలో చెల్లాచెదురయ్యాయి. కట్టెలమ్మే భీమే అనే ముసలామె గబగబా వాటిని ఏరి కొంగున కట్టుకుంది.

"వద్దే! ఎముకలు గుల్లయిపోతాయి!" అప్పలకొండ ఆమె చెయ్యి పట్టుకుంది.

భీమే విదిలించుకుంది. "నువ్వు కూసోని ఇడ్లీలమ్ముతవ్. నేను రేపు కట్టెలకు ఈ మోకాళ్లతోనే కొండెక్కాలె. నువ్వెక్కుతవా?"

ఆ మాట అప్పలకొండకు సూటిగా తగిలింది. ఆ మంట కూడా దుర్గేశ్ మీదకే మళ్లింది. ఆరోగ్యశాఖ అధికారుల దగ్గరికి వెళ్తే విచారిస్తామన్నారు. ఈలోగా అతను మకాం మార్చేశాడు.

ఇప్పుడామెకు ఎముకలు గట్టిపడే ఇంజెక్షన్లు పడుతున్నాయి. వెన్నుపూస నలిగి తగ్గిన ఎత్తు మాత్రం తిరిగి రాదట. దుర్గేశ్ గీదం సంతలో టేబులు వేశాడని తెలియగానే, కొట్టు మూసేసి బస్సెక్కింది. గతుకుల్లో వెన్ను కలుక్కుమన్నప్పుడల్లా, బస్సంతా వినేలా వాణ్ణి తిడుతూనే ఉంది.