లేదన్న వైరస్‌ను వెతకబోతే

మందులు సక్రమంగా వాడుతున్నవాళ్ల ఒంట్లో హెచ్ఐవీ ఇంకా ఎంత దాగి ఉందో కొలవడం నా పని. ల్యాబు హైదరాబాదులో ఉంటుంది, రక్తమిచ్చేవాళ్లు ఊళ్లల్లో ఉంటారు. అలా ఒక పొద్దున గద్వాల దవాఖానలో, అయిజ వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు నా ఎదుట కూర్చున్నారు. పత్తి చేలల్లో కూలికి వెళ్తారు. ఇద్దరికీ హెచ్ఐవీ ఉంది, ఏళ్లుగా మాత్రలు వాడుతున్నారు.

ఆయన తన రిపోర్టు నా ముందు పరిచాడు. "వైరస్ కనపడలేదని రాసిచ్చిన్రు గదా. మళ్ల ఏం దేవులాడనీకి వచ్చిన్రు?"

"ఆ పరీక్షకు రక్తంలో తిరిగే వైరసే కనపడుతుంది. కొంత కణాల లోపల నిద్రపోతుంటుంది. మాత్రలు ఆపితే లేస్తుంది" అన్నాను.

"అచ్చం మా ఆయన లెక్కనే" అందామె. "పనికి పిలిస్తే మంచం దిగడు. బువ్వ అంటె చాలు, లేస్తడు."

ఆయన ఆ మాట విననట్టే, దాన్నెలా లెక్కపెడతారని అడిగాడు. కణాల్లో వైరస్ జన్యువు కోసం వెతుకుతామనీ, దొరికేవాటిలో చాలావరకు పాడైపోయినవే ఉంటాయనీ, ఆ పరీక్ష వాటినీ లెక్కలో కలిపేస్తుందనీ చెప్పాను.

"పన్జెయ్యనోళ్లను గూడ లెక్కవెడ్తరా?" అందామె. "గట్లయితె మా ఇంట్ల కూలికి పోయేటోళ్లం ఇద్దరం."

నవ్వు ఆపుకుని, అందుకే ఇంకో పరీక్ష ఉందన్నాను. కణాలను మందుతో లేపి, వేటిలోంచి నిజంగా వైరస్ బయటికొస్తుందో చూస్తాం. ఆయన చాచిన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"పండుకున్నదాన్ని ఎందుకు లేపుడు మేడమ్?"

"లేపేది మీ ఒంట్లో కాదు, మా ల్యాబులో."

అప్పుడుగానీ చెయ్యి ఇవ్వలేదు. ఎవరి లెక్క ఎంతో విడిగా ఎవరికీ చెప్పేది లేదని ముందే చెప్పాను. ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

కొన్ని నెలలకు మళ్లీ రక్తం కోసం వెళ్లాను. ఈసారి ఆయన ముందుగా ఒక్కడే లోపలికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "మేడమ్, నా ఒంట్లనే ఎక్కువుందని మా ఆమెకు చెప్పిన్రంట. అప్పటిసంది ఒక్క మాత్ర తప్పలే. జర తగ్గిందా?"

నేను తెల్లబోయాను. జవాబు చెప్పేలోగా, తలుపు వెనక నిలబడి విన్నట్టుంది, ఆమె తోసుకుని వచ్చింది.

"ఏందయ్యా, నా ఒంట్లనే ఎక్కువుందంటివి గదా! మేడమ్ నీ చెవుల జెప్పిందంటివి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత, అబద్ధం ఆడింది నేనే అన్నట్టు నన్ను చూశారు.

"నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. సీసాల మీద పేర్లే ఉండవు. ఎవరిదెంతో నాకే తెలీదు" అన్నాను.

ముందు ఆమె నవ్వింది. ఆయన బింకం వదలకుండా, "మరి మాత్రలు?" అన్నాడు.

"వేసుకోవాల్సిందే. ఇద్దరూ."

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకా నవ్వుతూనే ఉంది. రక్తం కోసం చాచిన ఆమె చెయ్యి కదిలిపోతుంటే నర్సు సూది పట్టుకుని నిలబడి, "జర ఆగుండ్రమ్మా, నరం దొరుకుతలేదు" అని కసిరింది.