గడప అవతలి మెకానిక్

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. పిల్లి కనబడితే పులి అననుగానీ, చిరుతపులి దాకా వెళతాను. మా ఇంట్లో వాళ్లు నా మాటల్లో ముప్పావు వంతు తీసేసి మిగిలింది నమ్ముతారు. మీరు కొత్తవాళ్లు కాబట్టి సగం తీసేస్తే చాలు. మొన్న సూర్యాపేటలో మా తమ్ముడి కొడుకు మోటారుసైకిలు కొంటానంటే వెంట వెళ్లాను. అద్దాల షోరూము, లోపల చలి. అక్కడి అమ్మాయి ఒక ఎత్తైన బండి పక్కన నిలబడి, "అంకుల్, ఇది రోడ్డు మీద పోతది, రోడ్డు లేకున్నా పోతది," అంది. నేను వంగి ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు పెట్టి చూశాను. నాలుగు వేళ్లూ పట్టి ఇంకో రెండు వేళ్ల సందు మిగిలింది. ఆ అమ్మాయి నన్ను అనుమానంగా చూసింది. ఇలాంటి బండిని ముప్పై ఏళ్ల కిందట మా వసారాలో, కుట్టుమిషనుకు గడప ఇవతల తయారుచేశామని ఆమెకు చెప్పాలనిపించింది. మా వాడు అప్పటికే నా చొక్కా పట్టుకుని గుంజుతున్నాడు. అందుకని మీకు చెబుతున్నాను.

తొంభైల మొదట్లో నేను గరిడేపల్లి దగ్గర ఒక ఊళ్లో పశువుల దవాఖానలో కాంపౌండరుగా ఉండేవాణ్ణి. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగతా ఐదు రోజులూ ఆ చుట్టుపక్కల బర్రెలకూ, ఎడ్లకూ, మేకలకూ, ఒకసారి ఎవరో తెచ్చిన సర్కసు కోతికీ నేనే దిక్కు. తిరగడానికి ఒక మోటారుసైకిలు ఉండేది. సూర్యాపేటలో ఒక ధాన్యం వ్యాపారి వాడి వాడి, ఇంక దీని పాపం నాకొద్దని వదిలించుకున్న పాత టూ స్ట్రోక్ బండి. కిక్కు కొడితే మూడో వాడలో పిల్లలు నిద్రలేచేవారు. పొగకు మా వీధిలో దోమలు వలసపోయి నిడమనూరు దాకా వెళ్లాయని అప్పట్లో చెప్పుకునేవారు. అంటే, నేను చెప్పేవాణ్ణి.

కొత్తగా పెళ్లయింది. మాది కిరాయి ఇల్లు. మా ఆవిడతోపాటు వాళ్లమ్మ కూడా కోదాడ నుంచి వచ్చి మాతోనే ఉండేది. మామగారు కోదాడలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవారట. ఆయన పోయాక ఆయన రెంచీల పెట్టె, ఆమె కుట్టుమిషను, ఒక ఇనుప మంచం, ఇవే ఆమె వెంట మా ఇంటికి వచ్చాయి. అత్తమ్మ ఊళ్లో వాళ్లకు రవికెలు కుట్టేది. మిషను విప్పి, తుడిచి, చుక్క చుక్కగా నూనె వేసి మళ్లీ బిగించడం ఆమెకు తలస్నానం చేసినంత మామూలు పని. కాకపోతే ఒక చిక్కు. అల్లుడితో ఎదురుపడి మాట్లాడటం వాళ్లింటా వంటా లేదు. తలుపు చాటున నిలబడి ఏం చెప్పినా కూతురికే చెప్పాలి, కూతురు నాకు చెప్పాలి. ఆకలేస్తోందా అన్న ప్రశ్న కూడా నాకు మధ్యవర్తి ద్వారానే అందేది. పెళ్లయిన ఏడాదిన్నరలో ఆమె గొంతు నాకు బాగా తెలుసు, ముఖం మాత్రం పక్క నుంచి కొంచెం తెలుసు.

బండి గురించి ఇంత తతంగం ఎందుకు మొదలైందంటే, ఆ మొదటి వానాకాలం వల్ల. సాగర్ కాలువ కట్ట అవతల ఒక తండా ఉండేది. అక్కడ ఒక ఆమెకు ఒకటే బర్రె. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు, ఆ బర్రె పాలతోనే ఇల్లు గడిచేది. ఒకరోజు పొద్దున్నే ఆమె తమ్ముడు సైకిలు మీద పడుతూ లేస్తూ వచ్చి, బర్రె ఈనలేక కొట్టుకుంటున్నదని చెప్పాడు. సంచీ తగిలించుకుని బండి తీశాను. కాలువ కట్ట ఎక్కేవరకూ బాగానే ఉంది. అక్కడి నుంచి నల్లరేగడి. రేగడి బురద సంగతి తెలియని వాళ్లకు చెప్పాలి, అది చక్రానికి అంటుకునేది కాదు, చక్రంతో చుట్టరికం కలుపుకునేది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య దూరి, గట్టిపడి, చక్రాన్ని తిరగనివ్వదు. కర్రతో పొడిచి తీస్తే పది అడుగులు పోతాం, మళ్లీ అదే కథ. ఆ రోజు నేను తీసిన మట్టితో ఒక గది గోడలు లేపొచ్చు. చివరికి బండిని కట్ట మీదే పడేసి నడిచాను. చేరేసరికి బర్రె పోయింది. దూడ కూడా.

ఆ తండా తల్లి నన్ను చూసి అందుకున్న తిట్లు గరిడేపల్లి సంతలో బేరమాడుతున్న వాళ్లకు వినిపించాయంటే మీరు నమ్మాలి. "నీ బండి మన్నుల గలువ, నీ సూదులు తుప్పు వట్ట," అని మొదలుపెట్టి మా ఏడు తరాల వాళ్లనూ వరసగా పిలిచి నిలబెట్టింది. నేను తలవంచుకుని బురదకాళ్లతో వెనక్కి నడిచాను.

ఇంటికొచ్చి రెండు రోజులు బండిని ముట్టుకోలేదు. మూడో రోజు ఇంక ఈ ఉద్యోగం నావల్ల కాదు, రాజీనామా రాసిస్తానని మా ఆవిడతో అన్నాను. తలుపు చాటున మిషను ఆగింది. "అమ్మాయ్," అంది అత్తమ్మ, "తప్పు బండిదైతే మనిషి ఉద్యోగం మానేయడం ఏంటో అడుగు మీ ఆయన్ని. ఆ మడ్‌గార్డు నాలుగు వేళ్లు పైకి లేపితే బురద పట్టదు కదా." మా ఆవిడ ఆ మాటను గడప దాటించేటప్పుడు తన వంతు కూడా కలిపింది. "మా అమ్మ అడుగుతోంది, చదువుకున్నోళ్లకు ఈ మాత్రం తట్టదా అని."

అలా మా వసారా ఒక కార్ఖానా అయింది. ఆదివారాలన్నీ దానికే. మడ్‌గార్డు పైకి లేపడానికి కోదాడలో లారీల బాడీలు కట్టే ఒకాయన దగ్గర ఇనుప పట్టీలు వంచి రంధ్రాలు పెట్టించుకొచ్చాను. వెనక టైరు అరిగి నున్నగా ఉండేది. సూర్యాపేట అంతా తిరిగి మోటు గళ్లున్న టైరు సంపాదించాను. దానికోసం ఎక్కని దుకాణం లేదు, ఆఖరుకు నన్ను దూరం నుంచి చూసి షట్టరు దించేవాళ్లు తయారయ్యారు. వెనక చక్రం చిమ్మే బురద వీపు మీద పడకుండా మిర్యాలగూడ రైసుమిల్లులో తీసేసిన పాత బెల్టు ముక్క తెచ్చి వేలాడగట్టాను. సైలెన్సరు కింద నుంచి పోతే వాగు దాటేటప్పుడు నీళ్లు తాగేది, దాన్ని వంచి పైకి మళ్లించాం. కాలికి తగిలి పిక్క కాలకుండా నూనె డబ్బా రేకుకు చిల్లులు పెట్టి అడ్డం బిగించాం. మొదటి రెండు వారాలూ అది సైలెన్సరులా కాదు, పెళ్లి బ్యాండులో బాకాలా మోగింది.

అత్తమ్మ గడప దాటకుండానే ఇవన్నీ చేయించింది. ముందు ఫోర్కు గొట్టాలకు బురద తగిలి, నూనె కారకుండా ఆపే సీళ్లు పోతున్నాయని చూసి, చినిగిన గొడుగు గుడ్డతో వాటికి ముడతల తొడుగులు కుట్టి పంపింది. మేళ్లచెరువు వైపు వెళ్తే సిమెంటు లారీల దుమ్ముకు బండి దగ్గు మొదలుపెట్టేది. గాలి వడపోసే డబ్బాకు ఆమె రవికె లైనింగు గుడ్డతో ఒక ముసుగు కుట్టింది. కొలత తీసుకోవడానికి ఆ డబ్బాను లోపలికి పంపమంది, దర్జీ కదా. బండి దగ్గు మానింది. నేను నట్టును మరలో సరిగ్గా కూర్చోకుండానే బిగిస్తుంటే, ఆ చప్పుడుకే లోపల నుంచి, "అమ్మాయ్, ముందు వెనక్కి తిప్పి, టక్కుమన్నాక ముందుకు తిప్పమను," అనేది. మా ఆవిడ ఇంట్లో లేనప్పుడు కష్టమయ్యేది. అప్పుడు ఆమె తన మిషనుకు చెప్పేది. "చూశావా, కిరసనాయిలు దీపం పక్కన పెట్టుకుని ఎవరైనా పెట్రోలు ట్యాంకు విప్పుతారా?" నేను చాటుగా బీడీ కాలుస్తూ దొరికినవాణ్ణిలా లేచి దీపం ఆర్పేవాణ్ణి. అలా ఆ కుట్టుమిషను దయవల్ల నేను ఇవాళ బతికి ఉన్నాను, ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

చైను సంగతి వేరే చెప్పాలి. పక్షానికోసారి విప్పి కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క మిషను నూనె. చైను రెండు కొసలనూ కలిపే చోట ఒక చిన్న క్లిప్పు ఉంటుంది. అచ్చం చేప పిల్లలాగా, ఒక వైపు గుండ్రటి తల, ఇంకో వైపు చీలిన తోక. చైను ఎటు తిరుగుతుందో అటు తల ఉండాలి. తోక ముందుకుంటే ఏ రాయో గడ్డో తగిలి క్లిప్పు ఊడుతుంది, చైను జారిపోతుంది. "చేప తల ముందు, తోక వెనక, అంతే అని చెప్పమ్మా," అని ఆమె కనీసం నాలుగు వందలసార్లు కబురు చేసి ఉంటుంది. సరే, నాలుగుసార్లు.

మళ్లీ వానాకాలం వచ్చింది. మా ఆవిడ కోదాడలో వాళ్లక్కను చూడటానికి వెళ్లింది. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం అదే సైకిలు మా ఇంటి ముందు ఆగింది. అదే తమ్ముడు. "సారూ, అక్క వాళ్ల బర్రె. మల్ల గట్లనే అయితాంది. జర జల్ది రా," అన్నాడు. అన్నదమ్ములు తలా కొంత వేసుకుని ఆమెకు కొనిచ్చిన బర్రె అది. సంచీ తగిలించుకున్నాను, బండి స్టాండు తీశాను, కిక్కు కొట్టబోయాను.

"అల్లుడుగారూ, ఆగండి."

నేను చుట్టూ చూశాను. ఇంకెవరూ లేరు. అత్తమ్మ గడప దాటి వసారాలోకి, వసారా దాటి వానలోకి వచ్చి నిలబడింది. తల మీద కొంగు లేదు. బండి వెనక చక్రం వైపు వేలు చూపించింది.

"మొన్న చైను మీరొక్కరే బిగించారు. చేప తోక ముందుకుంది. కట్ట మీద తెగుద్ది."

చూస్తే నిజమే. మొన్న మిషను చెప్పేలోపే గొప్పగా బిగించేశాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని పట్టకారు అందించింది, నేను క్లిప్పు తీసి తిప్పి పెట్టాను, ఆమె వేలితో తడిమి సరిగ్గా కూర్చుందో లేదో చూసింది. "ఇప్పుడు పోండి. ఎక్కడా ఆపకండి, మెల్లగానైనా పోనీయండి," అంది. ఇంట్లోకి వెళ్లి తలుపు చాటుకు చేరింది.

ఆ రోజు ఆ బండి కాలువ కట్ట మీద పోయిన పోకడ గురించి నేను మామూలుగా చెబితే పాపం. బురద చక్రాన్ని పట్టుకోవాలని చూసింది, నాలుగు వేళ్ల సందులోంచి జారి పడిపోయింది. గళ్ల టైరు నేలను గీరుకుంటూ, అటూ ఇటూ ఊగుతూ, బాకా మోగించుకుంటూ ఆగకుండా పోయింది. నీళ్లలోని కొంగలు లేచి నాకు దారిచ్చాయి. తండా చేరేసరికి బర్రె ఇంకా కొట్టుకుంటోంది. దూడ ముందుకాలు ఒకటి లోపల మడతపడి ఉంది. భుజం దాకా సబ్బు పూసుకుని, కాలు సరిచేసి, తాడు కట్టి, ఆమె తమ్ముడూ నేనూ నెమ్మదిగా లాగాం. దూడ నేల మీద పడి కాసేపు కదల్లేదు. ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పితే తుమ్మింది. పెయ్యదూడ. ఆ తండా తల్లి దాన్ని గోనెపట్టాతో తుడుస్తూ, "ఇగ కూసో సారూ, ఛాయ్ పెడ్త," అంది. ఆ ఛాయ్‌లో చక్కెర ఎంత ఉందంటే చెంచా నిలబడింది.

సాయంత్రం ఇంటికి వచ్చి, వసారాలో నిలబడి, ఎవరికి చెప్పాలో తెలియక కుట్టుమిషను వైపు తిరిగి, "బతికింది, తల్లీ పిల్లా ఇద్దరూ," అన్నాను. కాసేపటికి వేడినీళ్ల బకెట్టు గడప ఇవతల పెట్టి ఉంది. మర్నాటి నుంచి మళ్లీ మధ్యవర్తిత్వమే. ఆమె మా ఇంట్లో ఉన్న పద్నాలుగేళ్లలో నాతో నేరుగా మాట్లాడింది ఆ ఒక్క మధ్యాహ్నమే. అన్నం పెట్టిన చేతులకు దండం పెట్టడం అందరూ నేర్పుతారు. పట్టకారు అందించిన చేతులకు ఎలా పెట్టాలో ఎవరూ నేర్పలేదు, నేనూ పెట్టలేదు, ఇప్పుడు ఇలా రాసుకుంటున్నాను.

ఇంక నేను కల్పించింది ఏమిటో చెప్పి ముగిస్తాను. కొంగలు, చెంచా, షట్టర్లు మీరెలాగూ తీసేసి ఉంటారు, అవి లెక్కలోకి రావు. నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఆ తిట్లు. మొదటి ఏడాది బర్రె చనిపోయిన రోజు ఆ తండా తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. చనిపోయిన బర్రె పక్క నుంచి లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్ల మీద పోసి, "బండి దిగవడ్డదా సారూ? గింత దూరం నడిసే వచ్చినవా," అని అడిగింది. అంతే. నేను ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆమె నోట ఆ తిట్లు పెడతాను, ఏటేటా ఒకటి రెండు చేరుస్తాను కూడా. తిట్టి ఉంటే ఆ బాకీ ఆ రోజే తీరిపోయేది, ఏడాది తిరక్కముందే మరిచిపోయేవాణ్ణి. ఆమె పోసిన ఆ చెంబెడు నీళ్లు ముప్పై ఏళ్లయినా నా కాళ్ల మీద ఇంకా ఆరలేదు.