బీడుల పిట్టలు చూడబోయిన రోజు

మా బాపు బెల్లంపల్లి బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు డ్రిల్లు మిషను పట్టిండు. రిటైరైనంక నన్ను అడిగిన ఒక్కటే వస్తువు, దూరమున్నది దగ్గర చూపిచ్చే దుర్బిన్. కొనిచ్చిన. అప్పటిసంది ఏటా కాముని పున్నం ఎల్లినంక ఒకరోజు ఇద్దరం భైంసా దిక్కు గడ్డి బీళ్లల్లకు పిట్టలు చూడ పోయేటోళ్లం. "గీ ఎండల తండ్రీబిడ్డలకు ఏం పిచ్చో" అనుకుంటనే అవ్వ సద్ది కట్టిచ్చేది.

బాపుకు అన్నిట్ల ఇష్టమైంది ఒక చిన్న మట్టిరంగు పిట్ట. నేల మీద ఉంటే కండ్లకు ఆనదు. ఉన్నట్టుండి నిలువున లేచి, చుక్కంత అయ్యేదాక పాడుకుంటనే పోతది. "మేం పొద్దున లేస్తే కిందికి దిగుడే. ఇది చూడు, ఎట్ల పైకి పోతున్నదో" అనేటోడు.

నాలుగేండ్ల కింద పోయేసరికి బీడు సగం పత్తికని దున్నేసి ఉన్నది. పూసిన మోదుగులు రెండే మిగిలినయి. బాపు మిగిలిన గడ్డి అంచున తువ్వాల పరుచుకొని కూసున్నడు.

జర సేపటికి మా ఎనుక నుంచి పిట్ట లేచింది. పాట చెవుల నిండ వినపడుతున్నది. బాపు మాత్రం దున్నిన చేను దిక్కే చూస్తుండు.

"బాపూ, ఎనుక!" అన్న. కదల్లే. భుజం తట్టి పైకి చూపిచ్చిన. దుర్బిన్ ఎత్తి, చూసి, నవ్విండు.

"ఏం పాడుతున్నది బిడ్డా!"

అప్పటికే పిట్ట పాట ఆపి, రెక్కలు ముడిచి కిందికి వస్తున్నది. బాపు చెవి కాడికి జరిగి గట్టిగ అడిగిన, "వినపడుతలేదా బాపు?"

గడ్డిపోచలు పీక్కుంట చెప్పిండు.

"పోయిన వానకాలం సంది సన్నటి సప్పుళ్లు వస్తలేవు. మాటలైతే మూతి చూసి పోల్చుకుంటున్న. మీ అవ్వకు చెప్పకు, పరేషాన్ అయితది."

"మరి గింత దూరం ఎందుకొచ్చినవ్?"

"నీకు వినపడుతది గద."

నాకు ఏడుపు ఆగలే. తువ్వాల కొసతోని ఆయనే నా కండ్లు తుడిచిండు. ఎండ ముదిరేదాక అట్లనే ఉన్నం. పిట్ట లేచినప్పుడల్లా నేను భుజం తట్టుడు, ఆయన దుర్బిన్ ఎత్తుడు.

తర్వాత మంచిర్యాలల చెవి మిషను పెట్టిపిచ్చినం. కుక్కర్ సీటీ, ఫ్యాన్ మోత, అవ్వ తిట్లు అన్నీ వినపడ్డయి. మాకు ఆశ పుట్టింది. మరుసటేడు మళ్ల బీడుకు పోయినం. పిట్ట పైన పాడుతుంటే మిషను పెట్టుకొని చానసేపు మొగులు దిక్కు చూసిండు.

"గాలి మోతనే వస్తున్నది బిడ్డా" అని తీసి జేబుల ఏసుకున్నడు. ఇగ దుర్బిన్ నా చేతికిచ్చి, పొద్దు గూకేదాక నా మొఖమే చూసుకుంట కూసున్నడు.

ఆ తర్వాతి ఏడు పిలిస్తే, "నువ్వు పోయి రా" అన్నడు. నేను సుత పోలే.