మారేడుమిల్లిలో అత్తగారికి సూప్

చలికాలంలో, ఊరు కాని ఊళ్ళో, జ్వరంతో ఉన్న అత్తగారికి కొత్త అల్లుడు వంట చెయ్యవచ్చునా? చెయ్యకూడదు. ఎందుకు చెయ్యకూడదో చెప్పడానికి ఉభయ గోదావరి జిల్లాల్లో నన్ను మించిన అర్హుడు లేడు. రెండు గంటలపాటు సన్నని సెగ మీద ఉడికిన నా పరువు అర నిమిషంలో ఎలా పోయిందో చెబుతాను, వినండి.

అప్పటికి మాకు పెళ్ళయి ఆరు నెలలు. నేను జంగారెడ్డిగూడెంలో స్కూలు మాస్టర్ని. అత్తవారిది పాలకొల్లు. సెలవులు కలిసొచ్చాయని నేనూ, మా ఆవిడ సునీత, అత్తగారూ మారేడుమిల్లి వెళ్ళాం. మావగారు రొయ్యల చెరువులు వదిలి రానన్నారు.

మా అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడరు. ఈ రోజుల్లో కూడానా అంటారేమో, ఉన్నారండీ అలాంటివాళ్ళు. నేను ఎదురుగా కూర్చున్నా సరే, "అమ్మాయ్, అల్లుడుగారికి ఇంకో గారె వెయ్యి" అని సునీతతోనే అంటారు. ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడితే చాలని నేను ఆరు నెలలుగా కాచుకుని ఉన్నాను.

డెల్టా ఉక్కకి అలవాటుపడిన ఆవిడ ప్రాణం ఆ కొండ చలికి తట్టుకోలేదు. రెండో రోజు పొద్దుటికి ఒళ్ళు కాలిపోతోంది. మూడు దుప్పట్ల కింద ముక్కు ఒక్కటే కనబడుతోంది. మందుల షాపతను మాత్రలిచ్చి, ఖాళీ కడుపున వెయ్యకూడదన్నాడు. ఆవిడేమో ఇడ్లీ వద్దన్నారు, రొట్టె వద్దన్నారు. ముందురోజు మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు. సునీత మొహంలో కంగారు మొదలైంది.

"నేను చికెన్ సూప్ చేస్తాను" అన్నాను.

"మీకొచ్చా?"

"ఏడేళ్ళు గదిలో వండుకు తిన్నవాణ్ణి."

"ఏం వండుకున్నారు?"

"అన్నం."

"కూర?"

"కర్రీ పాయింటు."

దుప్పట్లలోంచి నీరసంగా గొంతు వినబడింది. "అమ్మాయ్, అల్లుడుగారు పొయ్యి దగ్గర కూర్చోడమేంటే? ఎవరన్నా వింటే బాగోదు."

"ఇక్కడెవరు వింటారమ్మా, చెట్లు తప్ప" అంది సునీత.

గెస్ట్‌హౌస్ వాచ్‌మన్ సత్తిబాబు నాటుకోడి కోయించి తెచ్చి, పెరట్లో కట్టెల పొయ్యి రాజేశాడు. "నేను చేసేస్తానండీ మాస్టారండీ, మీరు కూర్చోండి" అన్నాడు. నేను ఒప్పుకుంటేనా! అల్లం, వెల్లుల్లి, మిరియాలు నా చేత్తోనే దంచాను. పొగకి కళ్ళు ఎర్రబడ్డా కదలకుండా కూర్చున్నాను. రెండు గంటలయ్యేసరికి ఆ వాసనకి ఎక్కడిదో ఒక కుక్క వచ్చి నా పక్కనే బుద్ధిగా కూర్చుంది.

"సునీతా, అయిపోయింది! గిన్నెలు పట్రా!" అని కేకేశాను.

సరిగ్గా అప్పుడే మా హెడ్మాస్టరుగారు ఫోన్ చేశారు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, "అవునండీ సార్, పోయిన నెల హాజరు అప్‌లోడ్ చేసేశానండీ సార్" అంటున్నాను. నోరు హెడ్మాస్టరుగారితో ఉంది. చేతులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఏడేళ్ళపాటు రోజూ రెండు పూటలా ఆ చేతులు చేసిన పని ఒక్కటే. గిన్నె ఉడికిందా, మూత పెట్టు. మసిగుడ్డతో పట్టుకో. కాలవ దగ్గర వంచు. గంజి వార్చు.

"మాస్టారండీ!" సత్తిబాబు గావుకేక పెట్టాడు. "కోడిని వార్చేశారేంటండీ!"

మూత తీసి చూశాను. ఉతికి ఆరేసినట్టు ముక్కలున్నాయి. సూప్ లేదు. పొయ్యి పక్కనున్న కాలవలో కుక్క తోకాడిస్తూ తాగుతోంది. ఇంతలో సునీత మూడు గిన్నెలూ చెంచాలూ పట్టుకుని వచ్చింది.

"సూపేదండీ?"

నేను కాలవ వైపు చూపించాను.

వెనకనుంచి వింత శబ్దం వచ్చింది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆకలితో ఏడుస్తున్నారనుకున్నాను. ఏడవడం కాదు, కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. దగ్గుతున్నారు, మళ్ళీ నవ్వుతున్నారు. దుప్పటి కప్పుకునే వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నారు.

"బాబూ, ఆ గిన్నె ఇలా ఇవ్వండి" అన్నారు.

ఎవరితో అంటున్నారా అని నేను వెనక్కి తిరిగి చూశాను.

"మిమ్మల్నే!"

ఆ ముక్కల్లో నీళ్ళు పోసి, చింతపండు పిసికి, ఇంకాసిన్ని మిరియాలు వేసి ఆవిడే చారు కాచారు. మంటకి చేతులు కాచుకుంటూ, సత్తిబాబు వండి తెచ్చిన అన్నంలో రెండుసార్లు కలుపుకుని తిన్నారు. మాత్రలు వేసుకున్నారు. వేసుకునే ముందు నాకు కాలు ముక్క వడ్డించారు. జ్వరంతో ఉన్న మనిషి చేత వండించుకు తిన్నానన్న సిగ్గు ఒకపక్క, కడుపు నిండిన సంతోషం ఒకపక్క. ఆ రుణం కొంతైనా తీరుతుందని గిన్నెలన్నీ నేనే కడిగాను.

ఆవిడ తలుచుకుంటే నన్ను పాలకొల్లు మొత్తానికి నవ్వులపాలు చెయ్యవచ్చు. చెయ్యలేదు. బంధువులందరికీ ఫోన్ చేసి, "మా అల్లుడుగారు పొయ్యి దగ్గర కూర్చుని వండబట్టే నేను లేచి తిరుగుతున్నాను" అని చెప్పారు. దాంతో ఆ ఇంటి బంధువుల్లో ఎవరు తుమ్మినా నాకే కబురు. మొన్న మేం పాలకొల్లులో ఉండగా తునినుంచి వాళ్ళక్కగారు ఫోన్ చేసి, "ఒకసారి వచ్చి ఆ సూప్ కాచి పెట్టండి బాబూ" అన్నారు. అత్తగారు ఫోను లాక్కుని, "వస్తార్లే అక్కా. తోడు నేనూ వస్తాను" అన్నారు.

అందుచేత పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. పొయ్యి మీద గిన్నె ఉండగా హెడ్మాస్టరుగారు కాదు, విద్యాశాఖ మంత్రిగారు ఫోన్ చేసినా ఎత్తను. అత్తగారు చేస్తే మాత్రం ఎత్తుతాను. ఇప్పుడు ఆవిడ గంటసేపు నాతోనే మాట్లాడి, సునీతకి ఇవ్వమని కూడా అనకుండా పెట్టేస్తున్నారు.