పలకని ఉపగ్రహం

నా భార్య పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. ఆమెకిష్టమైన మక్క గారెలు విస్తట్లో వేసి, మా చిన్న కూతురి చదువు ఆపనని పైకే మాట ఇచ్చాను. కాకి ముట్టలేదు. ఆమెకు నా మాట వినబడలేదని నా మనసులో ఉండిపోయింది.

కొన్ని నెలల తర్వాత ఆర్మూర్ బస్టాండులో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఊరు బాల్కొండ అన్నాడు. రాకెట్లు వదిలాక ఉపగ్రహాలతో మాట్లాడే కేంద్రంలో ఇంజనీరట.

"గా మాట్లాడుడు ఎట్లుంటది?" అని అడిగాను.

"అది మన మీదికెళ్లి పోయేటప్పుడు యాంటెన్నా అటు తిప్పి పిలుస్తం అన్నా. అది పలుకుతది. ఇంట్ల ఫోను లేదు గానీ కొడుకు ఆకాశానికి ఫోన్లు చేస్తడని మా అమ్మ నవ్వుతది."

పసుపు బస్తాల లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. ఇద్దరం తుమ్మాం.

"ఒకటి మాత్రం మస్తు రోజులసంది పలుకుతలేదు," అన్నాడు.

"ఇగ ఇడిసిపెట్టిన్రా?"

"లేదన్నా. మీదికొచ్చినప్పుడల్లా పిలుస్తనే ఉన్నం. దాని గొంతు పోయిందేమో, చెవులు మంచిగనే ఉన్నయేమో. పలకకుంటే ఇనలేదని ఎట్లంటం?"

ఇంతలో బాల్కొండ బస్సు వచ్చింది. ఆయన సంచి భుజానికేసుకుని వెళ్లిపోయాడు. ఆ ఉపగ్రహం తర్వాత పలికిందో లేదో నాకు తెలియదు.

ఆ సాయంత్రం చిన్నదాని మార్కుల కార్డు పట్టుకుని నా భార్య ఫోటో ముందు నిలబడ్డాను. లెక్కల నుంచి మొదలుపెట్టి, అన్నీ పైకే చదివాను.