పడవకీ పదవికీ ఒకటే ‘డి’

ఆ రోజుల్లో నామీద నాకున్న నమ్మకం ఈరోజు మా పార్టీ మొత్తానికి కూడా లేదు. పోర్ట్ బ్లెయిర్ కోర్టులో ఆరేళ్ల ప్రాక్టీసు, ఆస్టినాబాద్‌లో ఓ ఆఫీసు గది, తలుపు మీద కొత్తగా రాయించిన పార్టీ పేరు. (సభ్యులం పదకొండు మందిమి. అందులో ముగ్గురు నా క్లయింట్లు, కేసు తేలేదాకా ఎక్కడికీ పోలేరు.) అంతలో మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. చేపలు పట్టేవాళ్ల వార్డులో నిలబడేది నేనేనని ఎవరినీ అడక్కుండానే తేల్చేసుకున్నాను. వాళ్లు పడవలు లాక్కునే ఒడ్డుకి ఎవరో కంచె వేస్తే, వాదించి తీయించింది నేనే కదా.

ఒకటే చిక్కు. తెలుగు మాట్లాడతాను కానీ చదవలేను. బడిలో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు, తెలుగు మాత్రం అమ్మ తిట్లతో వచ్చింది. వాళ్లేమో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు, మంచి తెలుగులో మాట్లాడితే కరిగిపోతారని మా మావయ్య అన్నాడు. ఆయన చర్చిలో తెలుగు ప్రసంగాలు చేసే మనిషి. నా ప్రసంగం ఆయన గంభీరంగా చెబుతుంటే నేను ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టుకున్నాను. “నాకు పదవి వద్దు. మీ పడవలు క్షేమంగా ఒడ్డు చేరితే అదే చాలు” అన్నది అందులో ప్రాణం లాంటి మాట. ఇంగ్లీషులో పడవకీ పదవికీ ఒకటే ‘డి’. చివర్లో ఉన్న కాస్త తేడానీ నా వేలు తారుమారు చేసింది.

ఒడ్డున సభ. గొంతు సవరించుకుని, చెయ్యెత్తి, “నాకు పడవ వద్దు. మీ పదవులు క్షేమంగా ఒడ్డు చేరితే అదే చాలు” అని చదివేశాను. మూడు పడవల యజమానురాలు, అందరూ బోటు పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, ముందు వరసలోంచి లేచింది.

“నీకు పడవొద్దు. మంచిదే, నీకు తెడ్డు పట్టడం రాదు. పదవి మాదన్నావు. మరైతే సీటు మా కోడలికిచ్చీ బాబూ. కంచె కేసుకి కాగితాలన్నీ మోసింది అదే కదా.”

“గల్తీ హో గయా పెద్దమ్మా, పొరపాటైపోయింది. చదవడంలో మాట తిరగబడిపోయింది.”

“కోర్టులో సాక్షి అలాగంటే నువ్వూరుకుంటావేటి, వకీలు బాబూ?”

ఊరుకోను. కంచె కేసులో అవతలి సాక్షి మాట మార్చబోతే, మొదట అన్నదే నిజమని వాదించి గెలిచాను. (ఆ రోజు పెద్దమ్మ కోర్టు హాల్లోనే కూర్చుని అంతా విన్నది.) జనం చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. నామినేషను రోజుకి కుట్టించుకున్న తెల్ల జుబ్బా ఇంట్లో హేంగర్‌కి వేలాడుతోంది మరి.

టికెట్ కోడలికిచ్చాను. గెలిచింది. నాకంటే బాగా పనిచేసిందని ఒప్పుకోడానికి ఏడాది పట్టింది. సీటు లేని నాయకుడికి బోలెడు తీరిక, ఆ తీరికలో దీవి దీవికీ తిరిగాను. ఎక్కడికి వెళ్లినా “పదవులు మీవి” అన్నాను, ఈసారి తెలిసే అన్నాను. పార్టీ అలా పెరిగింది. ఇప్పుడు అధ్యక్షుణ్ణి నేనే, గెలిచినవాళ్లంతా ఒడ్డుల మనుషులే. వచ్చే ఎన్నికల్లోనూ గెలుస్తాం, అందులో నాకు అనుమానం లేదు.

మొన్న ఆ ఒడ్డుకే వెళ్లాను. పెద్దమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. కొత్త పడవ నీళ్లలోకి దింపుతున్నారు.

“ఎక్కు బాబూ. పడవొద్దన్నది గల్తీయే కదా” అంది.

ఆవిడ మనవడి భుజం పట్టుకుని ఎక్కి కూర్చున్నాను. ఫోన్ పట్టుకుని చెయ్యెత్తి నిలబడ్డ ఆ కుర్ర వకీలు గుర్తొచ్చాడు. ఒక్క మాట సరిగ్గా కొట్టుకుని ఉంటే కౌన్సిలర్ అయ్యేవాడు, పాపం.